ఎడమ చేతి కింద ఆర్కెస్ట్రా

ఎడమ చేత్తో మూడు మెట్లు పట్టుకుంటే డ్రమ్స్, బేస్ గిటారు, రిథమ్ గిటారు, వెనక స్ట్రింగ్స్ అన్నీ ఒక్కసారి అందుకుంటాయి. పట్టు మారిస్తే అన్నీ కలిసి మారతాయి. కుడి చెయ్యి తన మానాన పాట వాయించుకుంటూ పోతుంది. అరేంజర్ కీబోర్డు చేసే పని ఇది. చర్చిలో ఆదివారం ఆరాధన, పెళ్లి రిసెప్షన్‌లో పాట కచేరీ, వినాయక చవితి పందిట్లో రాత్రి కార్యక్రమం, ఎక్కడ చూసినా మన ఊళ్లలో వేదిక మీద ఇదో, దీని తమ్ముడో కనిపిస్తుంది. వాయించేవాళ్లలో మాత్రం దీని మీద తగువు తెగలేదు. ఒకరు అన్నం పెట్టిన వాద్యమంటారు, ఇంకొకరు బటన్ నొక్కితే మోగే పెట్టె అంటారు. ఇద్దరివీ అనుభవం మీద చెప్పే మాటలే. కానీ వాదన ఎప్పుడూ టోన్ల చుట్టూ, స్టైల్స్ చుట్టూ, ధర చుట్టూ తిరిగి ఆగిపోతోంది. దీని అసలు బలం, అసలు లోటు రెండూ ఒకే చోట ఉన్నాయని నా నమ్మకం. కలిసి పలికే స్వరాల పట్టు, అంటే కార్డ్, లేనిదే సంగీతం లేదని ఈ యంత్రం అనుకుంటుంది. ఆ ఊహ కుదిరిన చోట దీన్ని మించింది లేదు. కుదరని చోట ఎన్ని లక్షలు పోసి కొన్నా అడ్డం తిరుగుతుంది.

ఆ ఊహ ఎక్కడ పుట్టిందో చూస్తే విషయం తేటపడుతుంది. అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ 1959లో సైడ్‌మాన్ అనే తాళయంత్రాన్ని ఇంటి ఆర్గన్ పక్కన పెట్టుకోవడానికి అమ్మింది. తరవాత ఆర్గన్లలోనే రిథమ్, ఒక్క వేలితో పలికే కార్డ్‌లు చేరాయి. ఇటలీలో ఇంకో దారి నడిచింది. అక్కడ మార్కె ప్రాంతంలోని కాస్టెల్‌ఫిదార్దో అకార్డియన్ల ఊరు. అకార్డియన్ ఎడమ వైపు ఒకటి రెండు వరసల గుండీలు బేస్ స్వరాన్నిస్తాయి, పక్క వరసల్లో ఒక్కో గుండీ నొక్కితే మొత్తం కార్డ్ పలుకుతుంది. ఎడమ చేత్తో ఊఁ-పా, ఊఁ-పా అని నడకను నిలబెట్టి, కుడి చేత్తో పాట వాయించే అలవాటు ఆ ఊరి చేతుల్లోనే ఉంది. అక్కడి అకార్డియన్ తయారీదారులు కలిసి 1946లో పెట్టిన ఫార్ఫీసా కంపెనీ తరవాత ఎలక్ట్రానిక్ ఆర్గన్లకు పేరు తెచ్చుకుంది. ఈనాటికీ కోర్గ్ పీఏ కీబోర్డుల రూపకల్పన ఆ దగ్గర్లోని ఓసిమోలోనే సాగుతోంది. అరేంజర్లు చేసే కెట్రాన్ కూడా ఆ ప్రాంతపు కంపెనీయే. రోలాండ్ 1988లో ఈ-20తో అరేంజర్లలోకి దిగింది, కోర్గ్ 1993లో ఐ3 తెచ్చింది, యమహా 2002లో టైరోస్, 2017లో జెనోస్, 2023లో జెనోస్2 తెచ్చింది. పెట్టె మారింది, శబ్దం ఎంతో మెరుగుపడింది. ఎడమ చేతి ఆలోచన మాత్రం ఆ అకార్డియన్‌దే.

లోపల జరిగేది ఇదీ. స్టైల్ అంటే రికార్డు చేసి పెట్టిన పాట కాదు, స్వరాల పట్టీ. యమహాలో ఒక్కో స్టైల్‌కి ఎనిమిది వరసలుంటాయి: రెండు తాళానికి, ఒకటి బేస్‌కి, రెండు కార్డ్‌లకి, ఒకటి వెనక పరుచుకునే ప్యాడ్‌కి, రెండు చిన్న చిన్న సంగతులకి. వీటిని సాధారణంగా సీ మేజర్ సెవెంత్ మీద రాసి పెడతారు. మనం ఎఫ్ మైనర్ పట్టుకున్నామనుకోండి, ఏ స్వరం ఎక్కడికి జరగాలో యంత్రం తన దగ్గరున్న నియమాల ప్రకారం లెక్క వేసుకుంటుంది. బేస్‌కి ఒక నియమం, గిటారుకి ఇంకొకటి, తాళానికి అసలు జరుగుడే లేదు. వీటి మీద ఇంట్రో, ఏ నుంచి డి దాకా నాలుగు మెయిన్‌లు, మధ్యలో ఫిల్, చివర ఎండింగ్. పాట ఎత్తుగడ, పల్లవి, చరణం, ముక్తాయింపు అని ఆలోచించే మనవాళ్లకి ఈ అమరిక వెంటనే చేతికి వచ్చేస్తుంది.

దీని గొప్పతనం తెలియాలంటే దీన్ని ట్రాక్‌తో పోల్చాలి. ఇప్పుడు చాలా కచేరీల్లో ల్యాప్‌టాప్ మీద గొంతు తీసేసిన మైనస్ ట్రాక్ పెట్టి పాడేస్తున్నారు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పాడే అమ్మాయి చరణం ఒక మాత్ర ముందు ఎత్తుకుంటే అక్కడితో సరి. అరేంజర్ ముందున్న మనిషి మెయిన్ మీదే ఇంకో నాలుగు ఆవృత్తాలు తిప్పగలడు, జనం చప్పట్లు కొడుతుంటే పల్లవి మళ్లీ తెప్పించగలడు, గాయకుడు సాకీ తీస్తుంటే తాళం ఆపి స్ట్రింగ్స్ పట్టుకుని కూర్చోగలడు, అతను పల్లవిలోకి దిగిన మొదటి మాట మీద, మెట్టు నొక్కగానే తాళం మొదలుపెట్టే సింక్ స్టార్ట్‌తో మొత్తం ఆర్కెస్ట్రాని దింపగలడు. ఇది వాయించడం కాదంటే నేను ఒప్పుకోను. అరేంజర్ బాగా వాయించే మనిషి చెవి ఎప్పుడూ గాయకుడి ఊపిరి మీదే ఉంటుంది.

రెండో బలం శ్రుతి. ఒకాయన ఒకటిన్నరలో పాడతాడు, ఆవిడ ఐదున్నర అంటుంది, డ్యూయెట్‌కి ఇద్దరూ ఒక చోట కలవాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కితే పని అయిపోతుంది. పాటకి కావలసిన స్టైల్, టోన్లు, వేగం, శ్రుతి అన్నీ ఒక్క రిజిస్ట్రేషన్ బటన్‌లో దాచుకోవచ్చు. రాత్రి ముప్పై పాటలు వాయించాల్సిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు. అయితే ఈ సుఖం వెనక ఒక నష్టం ఉంది. జీవితమంతా సీ, ఏ మైనర్ చుట్టూనే వాయించి, మిగతా స్కేల్స్ వేళ్లకి రాని కుర్రాళ్లు ఎందరో తయారయ్యారు. పక్కన ఫ్లూటు వాయించే ఆయన శ్రుతి అడిగితే వేళ్లు చూపించేది ఒకటి, పెట్టె పలికేది ఇంకొకటి. పిల్లలకి నేర్పేటప్పుడు మొదటి రెండేళ్లు ఆ బటన్ ముట్టుకోనివ్వని మాస్టార్లది చాదస్తం కాదు.

సిద్ధంగా ఉన్న స్టైల్ మీద వాయించేది సంగీతమా అనే ప్రశ్నకి జమైకా ఎప్పుడో జవాబు చెప్పింది. కాసియో 1981లో తెచ్చిన ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో రాక్ అనే రిథమ్ ఉంది. దాన్ని కూర్చింది ఓకుదా హిరోకో అనే యువ ఉద్యోగిని. 1985లో గాయకుడు వేన్ స్మిత్ పాటకి నిర్మాత కింగ్ జామీ ఆ రిథమ్‌నే వేగం తగ్గించి వాడితే స్లెంగ్ టెంగ్ రిథమ్ పుట్టింది, జమైకా సంగీతం డిజిటల్ దారి పట్టింది. సిరియా పెళ్లిళ్ల దబ్కే పాటని ఒమర్ సులేమాన్ గొంతుతో ప్రపంచం విన్నది కూడా రిజాన్ సయీద్ అనే ఒక్క కీబోర్డు మనిషి పక్కనుండబట్టే. ఇండోనేషియాలో ఒక్క కీబోర్డు, ఒకరిద్దరు గాయనులతో పెళ్లి విందు నడిపే ఆర్గన్ తుంగ్గల్ పద్ధతి పల్లెపల్లెకీ ఉంది. జర్మనీలో ఒంటరిగా సభ రంజింపజేసే కీబోర్డు కళాకారులకి ప్రత్యేకమైన వృత్తే ఉంది. ఇన్ని దేశాల్లో ఇంత పని చేసిన వాద్యాన్ని బొమ్మ అనడం అన్యాయం.

ఇక చిరాకుల సంగతి. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే పెద్ద అరేంజర్ మళ్లీ లేవడానికి పట్టే సమయం వేదిక మీద యుగంలా ఉంటుంది. అందుకే తెలివైనవాళ్లు కీబోర్డు పక్కనే చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు. మధ్యాహ్నం పందిట్లో టచ్ స్క్రీన్ కనిపించదు. దుమ్ముకీ కోస్తా తేమకీ మెట్ల కింద కాంటాక్ట్ రబ్బర్లు చెడి, మెల్లగా నొక్కిన స్వరం గట్టిగా పలకడం మొదలవుతుంది. జిల్లా కేంద్రంలో బాగుచేసేవాడు దొరకడం అదృష్టం. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఏమిటంటే, ఒక కంపెనీ స్టైల్ ఇంకో కంపెనీ పెట్టెలో నేరుగా పనిచేయదు. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నా, మార్చిన స్టైల్‌కి మళ్లీ చేత్తో మరమ్మతు తప్పదు. పదేళ్లు కూర్చుని పాట పాటకీ స్టైల్ చేసుకున్న మనిషి కీబోర్డు మారిస్తే ఆ శ్రమలో చాలా భాగం పోయినట్టే. రోలాండ్ 2013లో ఇటలీలోని తన కర్మాగారం మూసేసినప్పుడు ఆ కంపెనీ అరేంజర్లని నమ్ముకున్న వాద్యకారులకి ఈ బాధ బాగా తెలిసింది. మన దగ్గర పెన్ డ్రైవ్‌లో వేలకొద్దీ స్టైల్స్ చేతులు మారుతుంటాయి. ఎవరు చేశారో తెలియదు, చేసినవాడికి రూపాయి రాదు, వాటిలో బాగున్నవి నూటికి నాలుగైదు ఉంటే గొప్ప.

తాళం దగ్గరికి వస్తే యంత్రం మీద వేసే నింద సగమే నిజం. స్టైల్స్‌లో ఎక్కువ భాగం నాలుగు, మూడు, ఆరు లెక్కల్లోనే వస్తాయి. మనకి ఆదితాళం పాటలు, సినిమా పాటలు చాలావరకు వాటిలో ఒదుగుతాయి. ఏడు మాత్రల మిశ్రచాపు, ఐదు మాత్రల ఖండచాపు దగ్గర చిక్కు వస్తుంది. ఇది కచేరీవాళ్ల గొడవే అనుకోకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి నాటి నుంచి వచ్చిన సంప్రదాయం అది. చాపులో ఉన్న కీర్తనని నాలుగు మాత్రల స్టైల్ మీద కూర్చోబెట్టడం కోసం ఒక మాత్ర సాగదీసి పాడించే చర్చిలు ఎన్నో ఉన్నాయి. కొన్నాళ్లకి పిల్లలకి ఆ సాగదీసిన నడకే అసలు నడక అనిపిస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే యంత్రానికి ఏడు చేతకాక కాదు. టర్కీ సంగీతంలో మూడు-రెండు-రెండు అని సాగే ఏడు మాత్రల నడక ఉంది, పశ్చిమాసియా కోసం చేసిన కీబోర్డుల్లో దాని స్టైల్స్ కూడా ఉన్నాయి. తకిట తకధిమి అని మనం వేసే విభజన అదే. అక్కడి దర్బుకా డోలు తీసి తబలా కిట్ పెట్టబోతే దెబ్బలు తప్పు మెట్ల మీద పడతాయి, ఒక్కొక్క దెబ్బనీ మార్చుకోవాలి. ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే అయ్యే పని.

డప్పు, మార్ఫా, కోలాటం నడకలతో ఇంకో ఇబ్బంది. లెక్క సరిపోతుంది, ఊపు రాదు. తీన్‌మార్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం గ్రిడ్ మీద గీత గీసినట్టు ఉండదు. కొట్టే మనిషి కొన్ని దెబ్బల్ని రవ్వంత వెనక్కి లాగుతాడు. స్టైల్ తయారుచేసేవాళ్లు అన్నిటినీ గీత మీదికి సర్దేస్తారు, అక్కడితో ప్రాణం పోతుంది. ఈ కారణంగానే మన ట్రూపుల్లో అరేంజర్ ఉన్నా ఎలక్ట్రానిక్ తాళవాద్యమైన ఆక్టోప్యాడ్ వాయించే మనిషిని వదులుకోలేదు. తాళాన్ని ప్యాడ్‌కి వదిలేసి, స్టైల్‌లో డ్రమ్స్ మ్యూట్ చేసి, బేస్, గిటారు మాత్రం నడిపించుకునే జోడీలని చూస్తే ఈ యంత్రాన్ని మనవాళ్లు ఎంత బాగా అర్థం చేసుకున్నారో తెలుస్తుంది.

అసలు చిక్కు రాగంలో ఉంది. హిందోళం తీసుకోండి. సా, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశిక నిషాదం. రిషభం లేదు, పంచమం లేదు. సీ శ్రుతిలో వాయిస్తూ ఎడమ చేత్తో సీ మైనర్ పట్టుకుంటే ఏమవుతుంది? ఆ కార్డ్‌లోనే జీ ఉంది, అంటే పంచమం. పైగా చాలా స్టైల్స్‌లో బేస్ సా-పా, సా-పా అని నడుస్తుంది. రాగం ఏ స్వరాన్ని వద్దందో దాన్నే యంత్రం అట్టడుగున, అందరికంటే గట్టిగా మోగిస్తుంది. కుడి చేత్తో ఎంత శుద్ధంగా వాయించినా వినేవాడికి హిందోళం అందదు, ఏదో విషాద గీతం అందుతుంది. అనుభవం ఉన్నవాళ్లు సీ మైనర్ జోలికి పోరు. ఎఫ్ మైనర్ పడతారు: మధ్యమం, ధైవతం, షడ్జం. మూడూ రాగంలోవే. కింద సీ మెట్టు కలిపి అట్టడుగు మెట్టునే బేస్‌గా తీసుకునే ఫింగర్డ్ ఆన్ బేస్ పద్ధతిలో పడితే బేస్ షడ్జం మీద కూర్చుంటుంది. మధ్యలో ఏ ఫ్లాట్ మేజర్‌కి వెళ్తే ధైవతం, షడ్జం, గాంధారం వస్తాయి. ఈ రెండు పట్లతో హిందోళం పాట మొత్తం నడిపేయవచ్చు. మోహనానికి ఇదే లెక్క వేసి చూడండి. సీ మేజర్, ఏ మైనర్ సరిపోతాయి. అలవాటు కొద్దీ ఎఫ్, జీ పడితే లేని మధ్యమం, లేని నిషాదం వచ్చి చేరతాయి.

ఈ లెక్క ఎవరూ పుస్తకంలో రాసి ఇవ్వలేదు. వాయించేవాళ్లు చెవితో కనిపెట్టుకున్నారు. కంపెనీ ఇచ్చిన పద్ధతిని వాళ్లు తిరగేసి వాడుకుంటున్నారు. రాగాన్ని బట్టి కార్డ్‌ని ఎంచుకుని, ఆ కార్డ్ పేరుతో యంత్రాన్ని మభ్యపెట్టి, తమకి కావలసిన మూడు స్వరాలు రాబట్టుకుంటున్నారు. స్టైల్ తయారుచేసే మెనూలోకి వెళ్తే బేస్ వరస కార్డ్‌ని పట్టించుకోకుండా ఒకే స్వరం మీద నిలిచేలా కూడా నియమం మార్చవచ్చు. అప్పుడు అది తంబురాలా అడుగున షడ్జం పట్టుకుని ఉంటుంది. దారి ఉంది. నాలుగు పేజీల లోపల, అర్థం కాని పేర్ల కింద ఉంది. వందమందిలో ఒకరు అక్కడిదాకా వెళ్తారేమో.

గమకం దగ్గర ఎడమ చేతికి ఇంకో పరీక్ష. తోడి గాంధారాన్ని మెట్టు మీద నిలబెట్టి పలికిస్తే అది తోడి కాదు, దాన్ని ఊపాలి. ఊపడానికి కీబోర్డులో ఉన్నది పిచ్ బెండ్ చక్రం లేదా జాయ్‌స్టిక్. అది ఎడమ వైపున ఉంటుంది. ఎడమ చెయ్యి కార్డ్ పట్టుకుని ఉంది. ఒక చేతికి రెండు పనులు! కీబోర్డు మీద కర్ణాటక సంగీతం వాయించి పేరు తెచ్చుకున్న కీబోర్డు సత్య లాంటివాళ్లు తోడుగా నడిచే స్టైల్‌ని పెట్టుకోరు. మృదంగం, వయొలిన్ పక్కన కూర్చుంటారు కాబట్టి ఎడమ చెయ్యి గమకానికే అంకితం. అరేంజర్ వాయించేవాడికి ఆ వెసులుబాటు లేదు. కొత్త యమహాల్లో కార్డ్ లూపర్, కోర్గ్ పీఏల్లో కార్డ్ సీక్వెన్సర్ వచ్చాక కొంత ఊరట దొరికింది. కార్డ్‌ల వరస ఒకసారి చూపిస్తే యంత్రం తిప్పుకుంటూ ఉంటుంది, ఎడమ చెయ్యి చక్రం మీదికి పోవచ్చు. ఈ సదుపాయాన్ని మన వాద్యకారులు ఇంకా పూర్తిగా వాడుకోవడం లేదని నాకనిపిస్తుంది.

మెట్ల వాద్యం మీద ఇలాంటి అభ్యంతరం కొత్త కాదు. గమకం పలకదని, స్వరస్థానాలు తప్పని ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అదే కాలంలో మన పద్యనాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి కూడా నడవలేదు. నటుడు రాగం తీస్తే హార్మోనిస్టు అతని వెనకే పరిగెత్తి, అతను ఆగిన చోట పట్టుకునేవాడు. వాద్యంలో ఉన్న లోటు వాయించేవాడి చెవి పూడ్చింది. అరేంజర్ విషయంలోనూ చాలా పూడ్చింది. కానీ ఇక్కడ తేడా ఒకటుంది. హార్మోనియం తనంతట తాను ఏమీ వాయించదు. అరేంజర్ వాయిస్తుంది, తప్పు స్వరం కూడా తనంతట తానే వాయిస్తుంది. కాబట్టి బాధ్యతలో సగం తయారుచేసేవాళ్ల మీద పెట్టాలి.

అరబ్బుల విషయంలో కంపెనీలు ఆ బాధ్యత తీసుకున్నాయి. వాళ్ల రాగమైన రాస్త్ మఖామ్‌లో సీ నుంచి మొదలుపెడితే ఈ, బీ స్వరాలు రెండూ పావు స్వరం కిందికి దిగాలి. పశ్చిమ దేశాల కీబోర్డులో ఆ స్వరాలు లేవు. యమహా పీఎస్‌ఆర్-ఏ వరసలో, కోర్గ్ ఓరియంటల్ మోడళ్లలో స్వరానికొక బటన్ పెట్టి, పాట మధ్యలోనే దాన్ని పావు స్వరం దించుకునే వీలు కల్పించారు. శబ్దాలు చేర్చి ఊరుకోలేదు, వాద్యం పలికే పద్ధతినే మార్చారు. మనకి ఏం చేశారు? భారతదేశం కోసం ప్రత్యేకంగా మోడళ్లు వచ్చాయి, చెన్నై దగ్గర యమహా 2019లో కర్మాగారమే పెట్టింది. తబలా, డోలక్, షెహనాయి, సితార్ టోన్లు, భాంగ్రా, భజన్ స్టైల్స్ వచ్చాయి. పీఎస్‌ఆర్-ఐ500లో సాధన కోసం తంబురా, తబలా కలిపి వినిపించే రియాజ్ సదుపాయం కూడా ఉంది. అది సంతోషమే. కానీ అది స్టైల్ నుంచి వేరుగా, సాధన గదిలో ఉండిపోయింది. రాగం పేరు చెబితే అందులో లేని స్వరాన్ని బేస్‌లో గానీ గిటారులో గానీ పలకనివ్వని అరేంజర్ ఇంతవరకు నా కంటపడలేదు. ఇది అసాధ్యమేమీ కాదు. స్వరాన్ని ఎక్కడికి జరపాలో లెక్క వేసే యంత్రమే కదా, లెక్కలో ఇంకో పట్టిక చేర్చాలి. గిటారు టోన్‌లో రెండు స్వరాలు కలిపి వాయిస్తే జారుడు దానంతట అదే వచ్చేలా యమహా సూపర్ ఆర్టిక్యులేషన్ పేరుతో ఏనాడో చేసింది. ఆ తెలివి వీణకీ, నాదస్వరానికీ పెట్టమని మనం గట్టిగా అడగాలి.

పొట్టకూటి మాట తప్పించుకోలేం. ఒకప్పుడు ఆర్కెస్ట్రా పార్టీ అంటే డ్రమ్స్, కాంగో, తబలా, బేస్, రిథమ్ గిటారు, అకార్డియన్, వయొలిన్లు కలిసి వ్యాన్ నిండా మనుషులు. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్, ఇద్దరు గాయకులు కారులో వచ్చేస్తున్నారు. బేస్ గిటారు మనిషి ఉపాధి అరేంజర్ ఎడమ చేతి కిందికి పోయిందన్నది నిజం. అయితే ఆ కోతని పూర్తిగా దీని నెత్తిన వేయడం సరికాదు. పెళ్లివారి బడ్జెట్, డీజే, మైనస్ ట్రాక్ అన్నీ అదే పని చేశాయి. పైగా ఇప్పుడు ట్రాక్ దెబ్బకి అరేంజర్ మనిషే నిలబడలేకపోతున్నాడు. ఒక ఊళ్లో డ్రమ్మర్ లేడు, గిటారిస్టు లేడు, ఇంటర్ చదివే పిల్ల ఒక్కతే వారం వారం చర్చిలో మొత్తం ఆరాధన నడుపుతోందంటే అక్కడ ఈ వాద్యం ఎవరి చోటూ లాక్కోలేదు. ఖాళీగా ఉన్న చోట సంగీతాన్ని నిలబెట్టింది.

కొనబోయేవాళ్లకి ఒక్క మాట. షాపులో డెమో పాట వినకండి, అది ఏ కీబోర్డులోనైనా బాగుంటుంది. ఎన్ని టోన్లు, ఎన్ని స్టైల్స్ అన్న అంకెలు కూడా పట్టించుకోకండి. వెళ్లగానే ఫింగర్డ్ ఆన్ బేస్ ఉందో లేదో అడగండి. ఎఫ్ మైనర్ పట్టి కింద సీ కలిపి హిందోళం నాలుగు వరసలు వాయించి, బేస్ ఎక్కడ నిలుస్తుందో వినండి. స్టైల్లో ఒక్కో వరసని విడిగా మ్యూట్ చేయడానికి ఎన్ని బటన్లు నొక్కాలో చూడండి. పిచ్ బెండ్ పరిధి ఎంతవరకు మార్చుకోవచ్చో, ఏడు మాత్రల స్టైల్ సొంతంగా చేసుకునే వీలుందో లేదో తేల్చుకోండి. చిన్న మోడళ్లలో స్టైల్ క్రియేటర్ ఉండకపోవచ్చు, ఇరవై ముప్పై వేలు పెట్టి కొని తరవాత బాధపడేది ఎక్కువగా దీనికే. చర్చి కోసమైతే మీ కీర్తనల పుస్తకం వెంట తీసుకెళ్లండి, చాపు కీర్తన ఒకటి అక్కడే పాడించి చూడండి. షాపువాళ్లు తొందరపెడితే ఇంకో షాపుకి వెళ్లండి.